బాలిద్వీపంలో ఒక కళాక్షేత్రం: ఉబుద్

బాలిద్వీపానికి యాత్ర చేసి వచ్చినవారిని "ఉబుద్‌లో ఏమేమి చూచినారు?" అని అడిగితే, వారు చెప్పే జాబితా ఇంచుమించు ఒకే విధంగా ఉంటుంది. నోరు తెరచిన రాక్షసుని ముఖం వలె చెక్కిన రాతిగుహ, తామరకొలను వెనుక సరస్వతీదేవి గుడి, చిత్రశాలలు, రాజభవనం ముంగిట దీపాల వెలుగులో బాలికల నృత్యం, పురుషులు వలయాలుగా కూర్చుండి, వాద్యమనేది లేక, గొంతులతోనే తాళం వేస్తూ నడిపే రామకథ. ఇవన్నీ చెప్పి, చివరకు "ఎంత ప్రాచీనమైన సంస్కృతి!" అని ముగిస్తారు.

వారి మాటలో అసత్యం లేదు. కాని ఆ జాబితాకు తేదీలు వేసి చూచినప్పుడు మనకు కొంత ఆశ్చర్యం కలుగుతుంది. గుహ 11వ శతాబ్ది నాటిది. సరస్వతి గుడి 20వ శతాబ్దిలో కట్టినది. చిత్రశాలలలో మొదటిది 1956లో తెరచినది. రామకథను నడిపే ఆ వలయనృత్యం ఇప్పటి రూపానికి వచ్చినది 1930లలో. మొదటిదానికీ చివరివాటికీ నడుమ తొమ్మిది వందల ఏండ్ల ఎడం ఉన్నది. అయినా చూచేవారికి అన్నీ ఒక్క కాలానివిగానే తోస్తున్నవి. ఇది ఎట్లా సంభవించినది? ఉబుద్ చరిత్రను తెలుసుకోవడమంటే ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే.

ఇండొనేసియా దేశంలోని బాలిద్వీపంలో, దక్షిణ భాగాన, గియాన్యార్ మండలంలో కొండచరియల మీద ఉన్న పట్టణం ఉబుద్. చుట్టూ మెట్లు మెట్లుగా దిగే వరిమళ్ళు, లోతైన నదీలోయలు. 'ఉబద్' అనే స్థానిక పదానికి ఔషధమని అర్థం. ఆ పదం నుండియే ఊరికి పేరు వచ్చినదని చెప్పుకొంటారు. ఎనిమిదవ శతాబ్దిలో తూర్పు జావా నుండి మార్కండేయుడనే ఋషి శిష్యులతో వచ్చి, వోస్ నది రెండు పాయలు కలిసే చోట తపస్సు చేసినాడని స్థలపురాణం. ఆ సంగమాన్ని 'చంపుహాన్' అంటారు. అక్కడ గునుంగ్ లెబహ్ అనే దేవాలయం నేటికీ పూజలందుకొంటున్నది. బాలి భాషలో గుడిని 'పూర' అనీ, రాజగృహాన్ని 'పూరి' అనీ అంటారు. మనకు పురం, పురి అనే మాటలు ఊళ్ళకు మిగిలినవి. వారికి దేవుని ఇంటికీ, రాజు ఇంటికీ మిగిలినవి.

ఉబుద్‌కు తూర్పుగా పెతాను, పకెరిసాన్ అనే రెండు నదులు సమాంతరంగా పారుతున్నవి. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని నేలలో బాలి ప్రాచీన చరిత్ర చాలవరకు దాగి ఉన్నది. పెజెంగ్ గ్రామంలో ఒక దేవాలయ ప్రాకారంలో, ఎత్తైన మంటపం మీద, ఒక కంచు భేరి ఉన్నది. దాని ఎత్తు సుమారు 1.86 మీటర్లు. క్రీస్తుకు పూర్వపు కాలానిదని పలువురు పండితుల అభిప్రాయం. దీనిని 'పెజెంగ్ చంద్రుడు' అంటారు. ఒకప్పుడు ఆకాశం నుండి చంద్రుని రథచక్రం ఒకటి జారి చెట్టు మీద పడినదట. ఆ వెలుగు దొంగతనానికి అడ్డమని ఒక దొంగ చెట్టెక్కి, దానిని ఆర్పడానికి మూత్రం పోసినాడట. చక్రం పేలి, దొంగ చచ్చి, చల్లారిన చక్రం కంచు భేరిగా నేలకు దిగినదట. పురావస్తువును చూపించేటప్పుడు కూడ కథను విడువని జనం వారు.

సమీపంలోని బెదులు గ్రామంలో ఉన్నది గోవా గజహ్, అనగా గజగుహ. 'గోవా' మన గుహ శబ్దమే. లోపల ఒక ప్రక్క గణేశ విగ్రహం, మరొక ప్రక్క మూడు లింగాలు. దిగువ లోయలో బౌద్ధ శిల్పాల శకలాలు. శైవమూ బౌద్ధమూ ఒకే చోట ప్రక్కప్రక్కన బ్రతికిన కాలానికి ఈ స్థలం సాక్షి. 1923లో డచ్చివారి కాలంలో పండితుల దృష్టికి వచ్చిన ఈ గుహ ముందు, 1954లో త్రవ్వగా స్నానఘట్టాలు బయటపడినవి. స్త్రీమూర్తులు పట్టుకొన్న కుండల నుండి నీరు నేటికీ జాలువారుతున్నది. మూడు దశాబ్దాలపాటు గుహను చూచి పోయినవారు తమ కాళ్ళ క్రింద కొలను ఉన్నదని ఎరుగరు.

ఇంకా ఉత్తరంగా, తంపక్‌సిరింగ్ దగ్గర పకెరిసాన్ లోయలోకి మూడు వందల మెట్లు దిగితే గునుంగ్ కావి కనబడుతుంది. కొండను తొలిచి, సుమారు ఏడేసి మీటర్ల ఎత్తుగల గూళ్ళలో, గోపురాల వంటి పది స్మారకాలను చెక్కినారు. ఇవి 11వ శతాబ్దిలో ఉదయన రాజవంశీయుల స్మృత్యర్థం ఏర్పడినవి. ఉదయనుడు జావా రాజకుమారి గుణప్రియ ధర్మపత్నిని వివాహమాడినాడు. వారి కుమారుడు ఐర్లంగుడు జావాకు వెళ్ళి గొప్ప రాజైనాడు. కనిష్ఠ కుమారుడు అనక్ వుంగ్సు బాలిని పాలించినాడు. ఆ దగ్గరలోనే తీర్థ ఎంపుల్ అనే పుణ్యజలం ఉన్నది. మయదానవుడనే రాజు దేవతారాధనను మాన్పించగా, ఇంద్రుడు యుద్ధానికి వచ్చి, విషజలం త్రాగిన తన సైన్యాన్ని బ్రతికించడానికి భూమిని చీల్చి ఈ ఊటను పుట్టించినాడని గాథ. పదవ శతాబ్ది శాసనం దీనిని పేర్కొన్నది. ఆ నాటి నుండి నేటి వరకు ఇక్కడ స్నానం ఆగలేదు.

ఈ ప్రాచీన స్థలాలను చూచిన తరువాత ఉబుద్ వీథులలోకి వస్తే, అడుగడుగునా గుడి. రాళ్ళు నాచుపట్టి, శిల్పాల ముక్కులు అరిగి, వేయి ఏండ్లవిగా కనబడతవి. తీరా విచారిస్తే కొన్ని యాభై ఏండ్ల నాటివి. కారణం ఏమనగా, అక్కడి శిల్పులు వాడే రాయి 'పారాస్'. అది నదీలోయలలో దొరికే అగ్నిపర్వతపు బూడిదరాయి. మెత్తనిది, ఉలికి సులువుగా లొంగుతుంది, వానకు అంత సులువుగానూ అరుగుతుంది. గుడి పైకప్పులు తాటినారతోనో గడ్డితోనో వేస్తారు. కనుక ప్రతి రెండు మూడు తరాలకు గుడిని మళ్ళీ కట్టక తప్పదు, శిల్పాన్ని మళ్ళీ చెక్కక తప్పదు. మన దేశంలో నల్లరాతి మీద చెక్కిన శిల్పి తన పనిని కాలానికి అప్పగించి పోయినాడు. బాలి శిల్పి తన పనిని కుమారునికి అప్పగిస్తున్నాడు. రాయి మెత్తనిది కావడం చేతనే అక్కడ చేతిపని గట్టిపడినది.

ఈ న్యాయం గుడి గోడలకు మాత్రమే చెందినది కాదు. చాల గుడులకు 210 దినాల సంవత్సరంలో ఒకసారి ఉత్సవం వస్తుంది. దానిని 'ఓడలాన్' అంటారు. ఆ దినాలకు తోరణాలు, పిండివంటల గోపురాలు, వాద్యగోష్ఠి, నాట్యం, నీడబొమ్మలాట అన్నీ సిద్ధం కావలె. ఇంటింటా స్త్రీలు ప్రతిదినం లేత కొబ్బరాకుతో చిన్న తట్టలు అల్లి, పూలు పెట్టి, గడపల వద్ద నైవేద్యంగా ఉంచుతారు. సాయంకాలానికి అవి ఎండి, చెదరి, ఊడ్చివేయబడతవి. మరునాడు మళ్ళీ అల్లుతారు. 2008 జూలైలో ఉబుద్ రాజకుటుంబంలో ఒక పెద్దకు దహనసంస్కారం జరిపినప్పుడు, 28 మీటర్లకు మించిన ఎత్తుగల విమానాన్ని నిర్మించి, వేలాది జనం వంతులవారీగా భుజాన మోసి, శ్మశానానికి చేర్చి దహనం చేసినారు. అదే సందర్భంలో పదులకొలది సామాన్య కుటుంబాల వారు కూడ తమ గతించిన వారికి సంస్కారం చేసుకొన్నారు. అంత పనితనం ఒక దినంలో బూడిద అయినదే అని మనవంటివారు విచారించవచ్చును. వారికి విచారం లేదు. ఆ విమానం కట్టే విద్య చేతులలో ఉన్నది, అది కాలలేదు.

విద్య చేతులలో నిలిచినట్లే కావ్యం నాలుకల మీద నిలిచినది. 1343లో జావాలోని మజపహిత్ సామ్రాజ్యం బాలిని జయించినది. అటుపిమ్మట జావా రాజాస్థానాల సంస్కృతి ఇక్కడ పాదుకొన్నది. కాలక్రమాన జావా ఇస్లామును స్వీకరించగా, ప్రాచీన జావా భాషలోని కావ్యాలు, వాటిలోని రామాయణ భారత కథలు, బాలి తాటాకులలో భద్రమైనవి. వీటిని 'కకవిన్' అంటారు. మన కావ్య శబ్దం నుండి పుట్టిన మాట. ఒకరు పద్యాన్ని రాగయుక్తంగా చదువుతారు, మరొకరు దాని అర్థాన్ని వాడుక భాషలో విప్పి చెబుతారు. మన పల్లెలలో పురాణ కాలక్షేపం ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. విశేషమేమనగా, 1990ల నుండి అక్కడి రేడియోలో శ్రోతలు టెలిఫోను ద్వారానే పద్యం పాడడం, మరొక ఊరి శ్రోత దానికి అర్థం చెప్పడం పరిపాటి అయినది. యంత్రం వచ్చి పురాణాన్ని చెరపలేదు. పురాణమే యంత్రంలోకి ప్రవేశించినది.

ఇంతవరకు చెప్పినదంతా విని, బాలి చరిత్ర ఒడిదుడుకులు లేక సాగిన ఉత్సవమని అనుకోరాదు. 19వ శతాబ్ది చివర దక్షిణ బాలి రాజ్యాలు ఒకదానితో ఒకటి పోరాడుకొని క్షీణించినవి. 1900లో గియాన్యార్ రాజు డచ్చివారి రక్షణ కోరినాడు. కోరని రాజ్యాలకు ఏమి జరిగినదో కొద్దికాలంలోనే లోకం చూచినది. 1906 సెప్టెంబరులో బదుంగ్‌లోను, 1908 ఏప్రిలులో క్లుంగ్కుంగ్‌లోను, రాజులు తమ భార్యాబిడ్డలతో, పరివారంతో తెల్లని బట్టలు కట్టి, ఆభరణాలు ధరించి, డచ్చి తుపాకులకు ఎదురు నడిచి ప్రాణాలిచ్చినారు. దానిని 'పుపుతాన్' అంటారు. పిమ్మట 1917లో గొప్ప భూకంపం వచ్చి గుడులు, ఇండ్లు నేలమట్టం చేసినది. తుపాకుల కీర్తి తమకు అపకీర్తి కాగా, డచ్చి ప్రభువులు బాలి సంస్కృతిని కాపాడేవారమని చెప్పుకోసాగినారు. రాజ్యాన్ని తీసుకొని నాట్యాన్ని మెచ్చుకొనడం వలసపాలకుల నీతి.

లోకం ఉబుద్ పేరు విన్నది ఆ కాలంలోనే. 1927లో రవీంద్రనాథ ఠాకూరు బాలిని దర్శించినారు. కరంగాసెం రాజుతో ఒకే కారులో ప్రయాణం చేస్తూ, ఒకరి భాష మరొకరికి తెలియక మౌనంగా ఉన్నప్పుడు, కొండల సందున సముద్రం కనబడగానే రాజు 'సముద్ర' అన్నాడట. తరువాత సముద్రానికి సంస్కృతంలో ఉన్న పర్యాయపదాలను వల్లించినాడట. మాట్లాడుకొనే భాష లేనివారికి నిఘంటువే సంభాషణ అయినది.

ఆ సంవత్సరమే మాస్కోలో పుట్టిన జర్మను చిత్రకారుడు, సంగీతజ్ఞుడు వాల్టర్ స్పీస్ ఉబుద్ చేరి, చంపుహాన్ సంగమం దగ్గర ఇల్లు కట్టుకొన్నాడు. 1929లో డచ్చి చిత్రకారుడు రుడాల్ఫ్ బొన్నె వచ్చినాడు. వీరే బాలివారికి చిత్రకళ నేర్పినారని కొందరు వ్రాస్తారు, అది అన్యాయం. బాలిలో చిత్రకళ శతాబ్దాలుగా ఉన్నది. అయితే అది గుడి తెరల మీద, రాజగృహాల పైకప్పుల మీద పురాణపురుషులను నీడబొమ్మల పోలికలో వ్రాసే కళ. కాగితం, కొత్త రంగులు, కొనుగోలుదారు ఈ మూడూ వచ్చిన తరువాత, చిత్రకారుడు తన ఊరి సంతను, కోతలను, కోడిపందెములను కూడ వ్రాయసాగినాడు. కాని కొనేవారు పెరిగినకొలది పని పలచబడే ప్రమాదమూ కనబడినది. దానిని ఎదుర్కొనడానికి 1936లో ఉబుద్ రాజకుటుంబీకుడు చొకోర్దా గ్దె అగుంగ్ సుకావతి, స్పీస్, బొన్నె, శిల్పి ఇ గుస్తి న్యొమన్ లెంపాద్ మొదలైనవారు కలిసి 'పిత మహా' అనే కళాకారుల సంఘాన్ని స్థాపించినారు. వారు సమావేశమై, సభ్యులు తెచ్చిన పనులను పరీక్షించి, బాగున్నవాటినే విక్రయానికి, ప్రదర్శనలకు పంపేవారు. అంగడికి తలుపు మూయలేదు. తలుపు దగ్గర ఒక వివేకిని నిలబెట్టినారు.

ఈ సంఘంలో లెంపాద్ కథ ప్రత్యేకంగా చెప్పదగినది. ఆయన శిల్పి, వాస్తుకారుడు, ముఖాలు చెక్కేవాడు, దహనవిమానాలు కట్టేవాడు. కాగితం మీద నల్లని సిరాతో గీసిన ఆయన రేఖాచిత్రాలు నేడు అనేక దేశాల సంగ్రహాలలో ఉన్నవి. తామరకొలను వెనుక సరస్వతి గుడిని తీర్చినది ఆయనే. 1978లో మరణించేనాటికి ఆయన వయస్సు నూరేండ్లు దాటినది; నూటపదహారు అని ఊరివారు లెక్క చెబుతారు. రాజుల యుద్ధాలను, డచ్చి పాలనను, జపానువారిని, స్వాతంత్ర్యాన్ని చూచిన చేతులవి.

శబ్దాన్ని నమ్ముకొని బ్రతికే మావంటి వారిని అమితంగా ఆకర్షించే సంగతి మరొకటి ఉన్నది. 1928లో ఓడియన్, బెకా అనే జర్మను కంపెనీలవారు బాలికి వెళ్ళి, అక్కడి గమెలాన్ వాద్యగోష్ఠులను, గాత్రాలను గ్రామఫోను పళ్ళాలలో ముద్రించినారు. గమెలాన్ అనగా కంచు పలకలు, గంటలు, మద్దెలలు కలిసిన వాద్యబృందం. ఆ పళ్ళాలు బాలిలో అమ్ముడుపోలేదు. సాయంకాలమైతే ప్రక్క వాడలోనే అసలు వాద్యం వినబడుతుండగా, యంత్రంలో వినడానికి ఎవరు డబ్బిస్తారు? అయితే కొన్ని పళ్ళాలు న్యూయార్కు చేరినవి. అక్కడ వాటిని విన్న కాలిన్ మెక్‌ఫీ అనే సంగీతకర్త ఓడ ఎక్కి బాలికి వచ్చి, ఉబుద్ సమీపాన సయాన్ గ్రామంలో స్థిరపడి, ఆ సంగీతాన్ని శ్రద్ధగా వ్రాసిపెట్టినాడు. ఉబుద్ ప్రక్కనున్న పెలియతాన్ గ్రామస్థులు 1931లో పారిస్ ప్రదర్శనకు, 1952లో ఇంగ్లండు, అమెరికాలకు వెళ్ళి ప్రపంచాన్ని మెప్పించినారు. ఆ 1928 నాటి పళ్ళాలు మాత్రం చెదరిపోయినవి. 21వ శతాబ్దిలో పరిశోధకులు దేశదేశాల భాండాగారాలలో వెదకి నూరుకు పైగా పళ్ళాలను గుర్తించి, ఆ శబ్దాన్ని బాలి గ్రామాలకు తిరిగి అందజేసినారు. తాతల కంఠాలను మనుమలు విన్నారు. విన్నవారిలో వాద్యకారులు కొందరు, మరచిపోయిన వరుసలను మళ్ళీ అభ్యాసం చేసినారు. భాండాగారానికి ఇంతకంటె సార్థకత ఏమున్నది?

ఇక వలయనృత్యం సంగతి. దాని పేరు కెచక్. మహమ్మారి వంటి ఆపదలు వచ్చినప్పుడు దేవతావేశం కొరకు జరిపే 'సంఘ్యాంగ్' అనే పూజలో పురుషుల బృందగానం ఉండేది. 1930ల తొలినాళ్ళలో బెదులు గ్రామపు నర్తకుడు వయన్ లింబక్, స్పీస్ మొదలైనవారు ఆ గానాన్ని ఆవేశపూజ నుండి వేరు చేసి, రామాయణ కథకు జోడించి, ప్రేక్షకుల కొరకు ఒక ప్రదర్శనగా మలచినారు. తెలిసినవారు ఈ మాటను దాచరు. మరి పూజకు చెందినదానిని ప్రదర్శనకు ఎంతవరకు ఇవ్వవచ్చును? ఈ ప్రశ్న బాలివారిని బాధించినది. 1971లో పండితులు, కళాకారులు, పూజారులు దెన్‌పసార్‌లో సమావేశమై నాట్యాలను మూడు తరగతులుగా విభజించినారు. గుడి లోపలి ప్రాకారంలో దేవునికి మాత్రమే సమర్పించేవి మొదటివి. నడిమి ప్రాకారంలో ఉత్సవానికి తోడుగా ఆడేవి రెండవవి. వెలుపలి ప్రాకారంలో అందరి వినోదానికి ఆడేవి మూడవవి. గుడి నిర్మాణంలోనే ఉన్న గీతలను వారు కళకు సరిహద్దులుగా గీసినారు. ఆ సరిహద్దు ఎప్పుడూ చెరగలేదని కాదు. కాని గీత ఉన్నది కనుకనే దాటినవారిని దాటినారని అనగలుగుతున్నారు. 2015లో యునెస్కో సంస్థ బాలి నాట్యాలను మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినప్పుడు ఈ మూడు తరగతులనే స్వీకరించినది.

నడుమ వచ్చిన విపత్తులను కూడ చెప్పక తప్పదు. స్పీస్‌ను జర్మనుడైనందున డచ్చివారు నిర్బంధించినారు. 1942లో ఖైదీలను తీసికొనిపోతున్న ఓడ మీద జపాను విమానాలు బాంబులు వేయగా అతడు సముద్రంలో మరణించినాడు. యుద్ధంతో పిత మహా సంఘం అంతరించినది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత సుకావతి, బొన్నె కలిసి 'పూరి లుకిసాన్' అనే చిత్రశాలకు 1954లో పునాది వేయించి, 1956లో తెరచినారు. బొన్నె 1978లో హాలెండులో కన్నుమూసినాడు. ఆ యేటనే సుకావతి కూడ గతించినాడు. బొన్నె అస్థికలను ఉబుద్‌కు తెచ్చి, 1979లో మిత్రుని దహనసంస్కారంతో కలిపి సంస్కరించినారు. ఈ స్నేహకథ యాత్రికులకు చెబుతారు. ఎవరూ చెప్పని కథ మరొకటి ఉన్నది. 1965 చివర మొదలై 1966 వరకు సాగిన రాజకీయ హత్యాకాండలో బాలిలో 80,000 మంది వరకు చనిపోయినారని చరిత్రకారుల అంచనా. వారిలో కళాకారులూ ఉన్నారు. చంపినవారూ, చచ్చినవారూ ఒకే ఊరివారు, ఒకే గుడివారు. తరువాత కొన్ని దశాబ్దాలు దానిని గురించి పెదవి కదపడానికి వీలు లేకపోయినది. శాంతిద్వీపమని ప్రకటనలలో చదివేవారు, ఆ శాంతి క్రింద పాతిపెట్టిన మౌనం కూడ ఉన్నదని ఎరిగి ఉండడం న్యాయం.

నేటి ఉబుద్‌కు ఎదురైన ప్రమాదం తుపాకులది కాదు, ఆదరణది. 1982లో నెకా చిత్రశాల, 1996లో ఆర్మా చిత్రశాల ఏర్పడినవి. చిత్రశాలల వెంట సత్రాలు, సత్రాల వెంట విలాసగృహాలు వచ్చినవి. వరిమళ్ళను చూడడానికి వచ్చినవారి కొరకు వరిమళ్ళలోనే ఇండ్లు లేచినవి. బాలి వ్యవసాయానికి ప్రాణం 'సుబక్' అనే నీటి సంఘం. ఒకే కాలువ నీరు వాడుకొనే రైతులందరూ కలిసి, జలదేవతల గుళ్ళ చుట్టూ ఏర్పరచుకొన్న కట్టుబాటు అది. 11వ శతాబ్ది శాసనాలలోనే దాని ప్రసక్తి ఉన్నది. 2012లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వంగా గుర్తించినది. పకెరిసాన్ లోయ ఆ గుర్తింపులో చేరినది. అయితే బిరుదు కాలువలో నీటిని పారించదు. పై మడి అమ్ముడుపోతే క్రింది మడికి నీరు తగ్గుతుంది. మళ్ళు పోతే సంఘం పోతుంది. సంఘం పోతే గుడి ఉత్సవానికి పూనుకొనేవారు ఉండరు. ఉత్సవం లేనినాడు నాట్యం అంగడిసరుకు మాత్రమే అవుతుంది. ఈ గొలుసులో ఏ లంకె తెగినా మిగిలినవి నిలువవు.

ఈ విషయంలో ఆశ కలిగించే సాక్ష్యాలు లేకపోలేదు. పట్టణానికి దక్షిణాన పదంగ్‌తెగల్ గ్రామస్థుల అడవి ఉన్నది. వందలాది కోతులు, మూడు గుళ్ళు అందులో ఉన్నవి. దాని పేరు 'వెనర వన'. మనకు వ్యాఖ్యానం అక్కరలేదు. ఆ అడవిని నడిపేది గ్రామసంఘమే. యాత్రికులు ఇచ్చే రుసుము గుడికీ, ఊరికీ చెందుతుంది. ఇంతకంటె గట్టి సాక్ష్యం 2020, 2021 సంవత్సరాలలో లభించినది. కరోనా వ్యాధి వలన విదేశీ యాత్రికులు పూర్తిగా ఆగిపోయి, సత్రాలు మూతపడి, ఎందరో జీవనోపాధి కోల్పోయినారు. ప్రదర్శనలు నిలిచిపోయినవి. గుడి ఉత్సవాలు మాత్రం, కొద్దిమందితోనైనా, జరిగినవి. కొబ్బరాకు తట్ట ప్రతిదినం గడప దగ్గరకు వచ్చినది. ప్రేక్షకుడు లేనప్పుడు ఏది మిగులుతుందో అదే సంస్కృతి.

కనుక ఉబుద్‌కు వెళ్ళేవారు చూడవలసిన వాటి జాబితాలో, స్థలాలతో పాటు తిథులను కూడ చేర్చుకొనడం మంచిది. 210 దినాలకొకసారి వచ్చే సరస్వతీ దినం అందులో ఒకటి. ఆనాడు తాటాకు గ్రంథాలను, పుస్తకాలను పీఠం మీద ఉంచి పూజిస్తారు. పూజ ముగిసేవరకు చదవరాదు, వ్రాయరాదు. దసరాలలో పుస్తకాలు పూజలో పెట్టి, చదువు తప్పినందుకు లోలోపల సంతోషించిన బాల్యం గల తెలుగువారికి ఈ పండుగ అంతరార్థం ఇట్టే తెలుస్తుంది. గుడిలోకి పోయేటప్పుడు నడుముకు గుడ్డ కట్టుకొనడం, పూజారి కంటె ఎత్తున నిలువకుండడం అక్కడి మర్యాదలు. లోపలి ప్రాకారపు ద్వారం మూసి ఉంటే వెలుపల నిలబడడం కూడ ఒక దర్శనమే.

రెండవ తిథి శకసంవత్సరాది. మనం ఉగాదినాడు పంచాంగంలో వినే శాలివాహన శకమే బాలిలోనూ వాడుకలో ఉన్నది. అధికమాసాల లెక్కలో భేదం వలన రెండు పండుగలూ ఒక్కొక్కసారి దూరమవుతవి, ఒక్కొక్కసారి కలుస్తవి. 2023 మార్చి 22న రెండూ ఒకేనాడు వచ్చినవి; ఇక్కడా అక్కడా 1945వ శకవత్సరమే ప్రవేశించినది. మనం ఆనాడు పచ్చడి తిని, పంచాంగం విని, కవిసమ్మేళనాలు జరుపుతాము. వారు 'న్యెపి' పాటిస్తారు. ఇరువది నాలుగు గంటలు నిప్పు వెలిగించరు, పని చేయరు, వీథిలోకి రారు. విమానాశ్రయం మూసివేస్తారు. 2018 నుండి సెల్‌ఫోనులలో ఇంటర్నెట్టును కూడ నిలుపుతున్నారు. రేడియో, టెలివిజను ప్రసారాలు ఆగిపోతవి.

ప్రసారం ఒక్క నిమిషం ఆగితే కంగారుపడే ఉద్యోగం మాది. ఒక ద్వీపమంతటా, తప్పిదం వలన గాక, నియమం వలన రేడియో మౌనం వహించే దినం ఒకటి ఉన్నదని తలచుకొన్నప్పుడు మొదట వింతగా తోచినది. తరువాత అర్థమైనది. శిల్పాన్ని మళ్ళీ చెక్కేవారు, తట్టను మళ్ళీ అల్లేవారు, కాలిన విమానాన్ని మళ్ళీ కట్టేవారు, శబ్దాన్ని కూడ ఏటేటా ఒకసారి మొదటినుండి ప్రారంభించుకొంటున్నారు. మరునాటి ఉదయం తలుపులు తెరుచుకొంటవి. గడపల దగ్గర కొత్త కొబ్బరాకు తట్టలు కనబడతవి. రేడియోలో ఎవరో ఒకరు వేయి ఏండ్ల నాటి పద్యాన్ని ఎత్తుకొంటారు.